ఒకే గేమ్, రెండు కంప్యూటర్లు: ఇంట్లో కలిసి ఆడుకోవడానికి ఎన్ని లైసెన్సులు కావాలి?

హాల్లో డెస్క్‌టాప్ ముందు అన్న కూర్చున్నాడు. పండగ సేల్‌లో తండ్రి తన కార్డుతో కొనిపెట్టిన గేమ్ తెరిచి, జట్టులోకి రమ్మని చెల్లిని కేకేశాడు. లోపలి గదిలో ల్యాప్‌టాప్ మీద ఆమె అదే గేమ్ తెరవబోతే, ఉన్న ఒక్క కాపీ ఇప్పటికే వాడుకలో ఉందన్న సందేశం వచ్చింది. ఇద్దరి ఖాతాలూ ఒకే కుటుంబ బృందంలో ఉన్నాయి, గేమ్ పేరు ఇద్దరి లైబ్రరీలోనూ కనిపిస్తోంది, ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క గోడ. అయినా ఆట మొదలు కాలేదు. ఆ క్షణంలో చెల్లి ఇంట్లో ఉన్న మరో గేమ్ ఏదైనా తెరిచి ఉంటే దాదాపు ఏ అడ్డూ లేకుండా తెరుచుకునేది.

ఇందులో సాఫ్ట్‌వేర్ లోపమేమీ లేదు, లైసెన్స్ రాసుకున్న తీరే అది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే సంస్థలు కొన్నేళ్ళుగా తెస్తున్న కుటుంబ పథకాలన్నీ ఒకే కప్పు కింద ఎవరి ఆట వాళ్ళు ఆడుకునే కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవే. నలుగురూ కూర్చుని ఒకే ఆట ఆడాలనుకునే కుటుంబం మాత్రం, కొన్ని మినహాయింపులు పోను, తలకొక కాపీ కొనుక్కోవలసి వస్తోంది. మల్టీప్లేయర్ అన్న మాటకు అర్థమే కలిసి ఆడడం కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు. మొదటి నుంచీ ఇలాగే ఉందనుకుంటే అదీ పొరపాటే.

సీడీల కాలంలో లెక్క వేరుగా ఉండేది. 1995లో వచ్చిన కమాండ్ అండ్ కాంకర్ అనే యుద్ధ గేమ్ పెట్టెలో రెండు డిస్కులుండేవి. కథలోని రెండు పక్షాలకు చెరొకటి. ఒక డిస్కు ఈ కంప్యూటర్లో, రెండోది ఆ కంప్యూటర్లో పెట్టి ఒక్క కొనుగోలుతో ఇద్దరు ఒకరితో ఒకరు తలపడవచ్చని సంస్థే చెప్పుకునేది. బ్లిజార్డ్ సంస్థ ఇంకా ముందుకు వెళ్ళింది. 1998లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ సీడీ నుంచి ‘స్పాన్’ అనే కుదించిన రూపాన్ని వేరే కంప్యూటర్లలో ఇన్‌స్టాల్ చేసుకునే వీలు ఆ గేమ్‌లోనే ఉండేది. స్పాన్ కాపీతో కథాభాగం ఆడడం కుదరదు, అసలు సీడీ ఉన్నవాడితో కలిసి మల్టీప్లేయర్ ఆడుకోవచ్చు. ఆ రకంగా ఒక్క సీడీతో ఎనిమిది మంది దాకా ఆడుకోవచ్చని లైసెన్సే అనుమతించింది.

సంస్థ దీన్ని ఉదారతతో చేసిందనుకోనక్కర్లేదు. స్పాన్ కాపీ మీద నాలుగు రాత్రులు ఆడిన కుర్రవాడు కథాభాగం కోసం ఐదో రోజున సొంత సీడీ కొంటాడన్నది లెక్క. అంటే ఇంట్లో, స్నేహితుల మధ్య ఆట పంచుకోవడాన్ని అప్పటి లైసెన్స్ ఖర్చు లేని ప్రచారంగా చూసింది. ఇప్పటి లైసెన్స్ అదే పనిని చేజారిన అమ్మకంగా చూస్తోంది. మధ్యలో మారినది ఇంటర్నెట్.

మొదటి మార్పు సీడీ కీతో వచ్చింది. పెట్టె మీద అచ్చయిన ఆ అంకెల వరుసను 1998 నాటి హాఫ్-లైఫ్ వంటి గేమ్‌లు ఇంటర్నెట్ ఆట కోసం సర్వర్‌కు పంపేవి. ఒకే కీతో ఇద్దరు ఒకేసారి ఆన్‌లైన్‌లోకి వస్తే రెండోవాడిని సర్వర్ రానిచ్చేది కాదు. అయితే ఇంట్లో కేబుల్ వేసుకుని ఆడే ల్యాన్ ఆటను అడిగే నాథుడుండేవాడు కాదు. తర్వాత వాల్వ్ సంస్థ 2003లో ఇంటర్నెట్ మీద గేమ్‌లు అందించే స్టీమ్ అనే వేదికను మొదలుపెట్టి, 2004 నవంబరులో వచ్చిన హాఫ్-లైఫ్ 2 ఆడాలంటే స్టీమ్ ఖాతా ఉండి తీరాలన్నది. పెట్టెలో డిస్కు ఉన్నా ఆ డిస్కుకు సొంత బలం లేకుండా పోయింది. హక్కు ఖాతాకు అంటుకుంది. ఆరేళ్ళ తర్వాత, 2010లో, స్టార్‌క్రాఫ్ట్ 2 ల్యాన్ సదుపాయమే లేకుండా వచ్చింది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కూడా సంస్థ సర్వర్ దాకా వెళ్ళి, చెరో ఖాతాతో లాగిన్ అయి, అక్కడ కలుసుకోవాలి. ఎనిమిది మందికి ఒక సీడీ ఇచ్చిన సంస్థే పన్నెండేళ్ళలో అక్కడికి చేరింది. అభిమానులు సంతకాలు సేకరించి అడిగినా ల్యాన్ తిరిగి రాలేదు.

లైసెన్స్ దేనికి అంటుకుంటుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అది వస్తువుకు అంటుకోవచ్చు, యంత్రానికి అంటుకోవచ్చు, మనిషికి, అంటే ఖాతాకు, అంటుకోవచ్చు. ఇంట్లో ఎంతమంది ఎన్ని డబ్బులతో కలిసి ఆడగలరో తేల్చేది ఇదే. వస్తువుకు అంటుకున్న లైసెన్స్ చేతులు మారుతుంది: డిస్కు ఎవరి దగ్గరుంటే హక్కు వాళ్ళది. యంత్రానికి అంటుకున్నది ఆ యంత్రం ముందు ఎవరు కూర్చుంటే వాళ్ళకు పనిచేస్తుంది. ఖాతాకు అంటుకున్నది ఖాతాదారు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది, ఆయన పక్కన కూర్చున్న వాళ్ళకు మాత్రం అక్కరకు రాదు.

ఈ మూడింటిలో రెండు కలిసిన చోట కుటుంబానికి లాభం ఎలా కలుగుతుందో టీవీకి తగిలించి ఆడే గేమ్ యంత్రాలు, అంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వంటి కన్సోళ్ళు, చూపిస్తాయి. డిజిటల్‌గా కొన్న గేమ్ అక్కడ కొన్నవారి ఖాతాకు అంటుకుంటుంది. దానితోపాటు ఆ ఖాతాదారు తన ‘ఇంటి యంత్రం’గా ఎంచుకున్న ఒక కన్సోల్‌కు కూడా అంటుకుంటుంది. ఎక్స్‌బాక్స్‌లో దీన్ని హోమ్ ఎక్స్‌బాక్స్ అంటారు, ప్లేస్టేషన్ 5లో కన్సోల్ షేరింగ్ అంటారు. తండ్రి తన ఖాతాకు ఇంటి యంత్రంగా పిల్లల గదిలోని కన్సోల్‌ను పెట్టి, తాను హాల్లోని రెండో కన్సోల్ మీద తన ఖాతాతో లాగిన్ అయితే, ఒక్క కొనుగోలుతో రెండు చోట్లా అదే గేమ్ ఒకేసారి తెరుచుకుంటుంది. అక్కడ పిల్లవాడికి యంత్రం ఇచ్చిన హక్కు, ఇక్కడ తండ్రికి ఖాతా ఇచ్చిన హక్కు. ఇద్దరూ కలిసి ఒకే ఆటలో దిగవచ్చు. ఈ పద్ధతిని పెట్టింది ఇందుకోసం కాకపోవచ్చు గానీ, రెండు కన్సోళ్ళున్న ఇళ్ళకు ఇది బాగా అక్కరకొచ్చింది.

స్విచ్ కన్సోళ్ళు తయారుచేసే నింటెండో దారి ఇంకొకటి. 2025లో అది తెచ్చిన వర్చువల్ గేమ్ కార్డ్ డిజిటల్ కొనుగోలును మళ్ళీ వస్తువులా నడిపిస్తుంది: కార్డు ఒకసారికి ఒక యంత్రంలోనే ఉంటుంది, కుటుంబ బృందంలోని మరొకరికి 14 రోజులకు అరువివ్వవచ్చు, గడువు తీరగానే దానంతట అదే తిరిగి వస్తుంది. పక్కింటివాళ్ళు పట్టుకెళ్ళిన వారపత్రికకు ఇంత క్రమశిక్షణ ఎన్నడూ లేదు. కానీ కలిసి ఆడడానికి ఈ అరువు ఉపయోగపడదు, ఇచ్చినవాడి దగ్గర అది ఉండదు కాబట్టి. ఆ లోటుకు అదే ఏడాది జూన్‌లో వచ్చిన స్విచ్ 2లో గేమ్‌షేర్ అనే సదుపాయం పెట్టారు. దాన్ని ఒప్పుకునే గేమ్ ఒకరి దగ్గర ఉంటే చుట్టూ ఉన్న మరో ముగ్గురు తమ యంత్రాల మీద ఆ ఆటలో చేరవచ్చు. 2004 నాటి నింటెండో డీఎస్‌లో ఒకే కార్ట్రిడ్జ్‌తో పలువురు ఆడుకునేందుకు ఉన్న డౌన్‌లోడ్ ప్లే దీనికి పూర్వరూపం.

కంప్యూటర్ విషయానికి వస్తే, స్టీమ్‌కు ఖాతా ఒక్కటే ఆధారం, యంత్రంతో పని లేదు. 2014లో అందరికీ అందుబాటులోకి వచ్చిన మొదటి ఫ్యామిలీ షేరింగ్‌లో ఖాతాదారు తన లైబ్రరీని మరో ఐదు ఖాతాలకు, పది కంప్యూటర్లకు తెరిచి ఇవ్వవచ్చు. కానీ లైబ్రరీ మొత్తం ఒక్క తాళంగా ఉండేది: ఒకరు అందులోని ఏ గేమ్ ఆడుతున్నా మిగతావారికి అన్నీ మూతపడేవి. సొంతదారు ఏదో ఒక గేమ్ తెరిస్తే, అరువు తీసుకుని ఆడుతున్న వ్యక్తికి కొన్ని నిమిషాల గడువిచ్చి, కొనుక్కోమనో బయటకు వెళ్ళమనో చెప్పేది. వంద పుస్తకాల గ్రంథాలయంలో ఒకడు ఒక పుస్తకం తీస్తే తలుపులు వేసేసినట్టు ఉండేది ఆ ఏర్పాటు.

2024 మార్చిలో ప్రయోగాత్మకంగా మొదలై సెప్టెంబరులో అందరికీ వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్ ఈ తాళాన్ని పుస్తకానికొకటి చొప్పున విడగొట్టింది. ఆరుగురు దాకా ఒక కుటుంబంగా ఏర్పడవచ్చు. ఆరుగురి గేమ్‌లూ ఒకే లైబ్రరీగా కనిపిస్తాయి. ఆరుగురూ ఆరు వేర్వేరు గేమ్‌లు ఒకేసారి ఆడవచ్చు. పెద్దవారు, పిల్లలు అని రెండు రకాల సభ్యులుంటారు. పిల్లవాడు ఒక గేమ్ కావాలని అడిగితే ఆ విన్నపం పెద్దవారికి చేరుతుంది, వాళ్ళు తమ ఖాతా నుంచే డబ్బు కట్టవచ్చు. ఎంతసేపు ఆడాలో, ఏవి ఆడాలో పెద్దవారు నిర్ణయించవచ్చు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ ఒకే గేమ్‌ను ఇద్దరు కలిసి ఆడాలంటే కుటుంబంలో ఆ గేమ్ కాపీలు రెండుండాలి. మొదట్లో చెప్పుకున్న అన్నాచెల్లెళ్ళు ఆగిపోయింది ఈ మెట్టు దగ్గరే. కాపీలు ఇంటికి ఎన్నుంటే అంతమంది. రెండు కొంటే ఆరుగురిలో ఏ ఇద్దరైనా ఆడవచ్చు. ఆ కాపీలు ఎవరి ఖాతాలో ఉన్నా ఫర్వాలేదు.

ఈ పథకంలో కుటుంబం అంటే ఏమిటన్నది కూడా గమనించాలి. ఒకే ఇంట్లో ఉంటున్న దగ్గరివాళ్ళని సంస్థ ఉద్దేశం. అందరి ఖాతాలూ ఒకే దేశంలో ఉండాలి. మన కుటుంబాలు ఆ నిర్వచనంలో పట్టవు. పెద్దబ్బాయి డల్లాస్‌లో, రెండోవాడు బెంగళూరు హాస్టల్లో, అమ్మాయి విజయవాడలో తల్లిదండ్రుల దగ్గర ఉన్న ఇల్లు రేషన్ కార్డు లెక్కలో ఒకటే కుటుంబం కావచ్చు గానీ, డల్లాస్ ఖాతా విజయవాడ ఖాతాతో కలవదు. నిజానికి దూరంగా ఉన్న అన్నదమ్ములే వారాంతంలో ఆన్‌లైన్ ఆటలో ఒకచోట చేరాలనుకుంటారు. వాళ్ళకు ఈ పథకం ఎటూ పనికిరాదు: కలిసి ఆడడానికి కాపీలు రెండు కొనాలి, విడివిడిగా ఆడుకోవడానికి దేశం అడ్డు.

బృందంలోంచి బయటకు వచ్చిన పెద్ద సభ్యుడు మరో కుటుంబంలో చేరాలంటే, పాత బృందంలో చేరిన రోజు నుంచి ఏడాది నిండే దాకా ఆగాలి. అతను ఖాళీ చేసిన చోటు కూడా ఆ ఏడాది నిండే దాకా కొత్తవారికి దక్కదు. స్నేహితులు కుటుంబాల పేరుతో వారానికో బృందం కట్టకుండా పెట్టిన నిబంధన ఇది. పిల్లవాడి స్నేహితుడిని మొహమాటానికి ఆరోవాడిగా చేర్చుకున్న ఇంట్లో, ఆ తర్వాత కంప్యూటర్ కొన్న చిన్న కూతురికి చోటు దొరకాలంటే ఏడాది దాకా వేచి చూడాల్సి రావచ్చు.

వీటన్నిటికంటే పెద్దవారు ముందుగా తెలుసుకోవలసిన నిబంధన ఒకటుంది. కుటుంబ సభ్యుడు ఇంకొకరి కాపీతో ఆడుతూ మోసపు సాఫ్ట్‌వేర్ వాడి పట్టుబడితే, ఆ గేమ్‌లో నిషేధం ఆడినవాడితో ఆగదు, కాపీ సొంతదారు మీద కూడా పడవచ్చు. పన్నెండేళ్ళ తమ్ముడు యూట్యూబ్‌లో చూసి గురి తప్పకుండా కాల్చే చిట్కా ప్రోగ్రామ్ ఒకటి దించుకున్నాడనుకుందాం. అన్న వందల గంటలు ఆడి సంపాదించుకున్న ర్యాంకు ఒక్క సాయంత్రంలో పోతుంది. ఈ సెక్షన్‌ను ఏ తండ్రీ చదివి ఉండడు. చదవవలసిన ఒక్క సెక్షన్ ఏదంటే ఇదే. పోటీ ఆటల్ని అరువు కాపీ మీద పిల్లలతో ఆడించకపోవడం క్షేమం.

అన్ని గేమ్‌లూ ఈ లైబ్రరీలోకి రావు కూడా. వేరే సంస్థ ఖాతానో, అదనపు కీనో, చందానో అడిగే గేమ్‌లను పంచుకోవడానికి వీలుండదు. తయారీదారు వద్దంటే మరే గేమ్ అయినా బయటే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా అడిగే మైన్‌క్రాఫ్ట్ అసలు స్టీమ్‌లోనే లేదు. కంప్యూటర్ కోసం ఉన్న దాని జావా ఎడిషన్‌లో ఒక్కొక్క ఆటగాడికి సొంత మైక్రోసాఫ్ట్ ఖాతా, ఆ ఖాతాలో సొంత కొనుగోలు ఉండాలి. ఇంట్లోనే ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకున్నా, చేరుతున్న వ్యక్తి నిజంగా ఆ ఖాతాదారేనా అని సంస్థ సర్వర్‌ను అడిగి తెలుసుకోవడం మామూలు అమరిక. అక్కాతమ్ముళ్ళు ఒకే ఖాతాతో రెండు కంప్యూటర్లలో లాగిన్ అయి ఒకే ప్రపంచంలోకి వెళ్ళబోతే, రెండోవారు రాగానే మొదటివారిని సర్వర్ బయటకు తోస్తుంది. అదే మైన్‌క్రాఫ్ట్ కన్సోల్ మీద, బెడ్‌రాక్ ఎడిషన్‌లో, టీవీ తెరను నాలుగుగా చీల్చి నలుగురితో ఒక్క కొనుగోలు మీద ఆడనిస్తుంది. ఒకే పేరున్న గేమ్‌కు రెండు లెక్కలు: తెర ఒకటైతే కాపీ ఒకటి, తెరలు రెండైతే కాపీలు రెండు.

చట్టం ఏమంటుందన్నది వేరే కథ. అందులో ఒక అధ్యాయానికి ఆంధ్రప్రదేశ్ పేరే ఉంది. డిస్కు మీద తయారుగా అమ్మే సాఫ్ట్‌వేర్‌కు ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టం, 1957 వర్తిస్తుందా అన్న వివాదంలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మధ్య నడిచిన కేసును సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరులో తేల్చింది. అటువంటి సాఫ్ట్‌వేర్ సరుకే, దానిపై అమ్మకపు పన్ను చెల్లుతుందన్నది ఆ తీర్పు. 2021 మార్చిలో ఇంజినీరింగ్ అనాలిసిస్ కేసులో, ఆదాయపు పన్ను సందర్భంలో, విదేశీ సాఫ్ట్‌వేర్‌కు ఇక్కడివారు కట్టే సొమ్ము కాపీరైట్ వాడకానికి ఇచ్చే రాయల్టీ కాదని, కాపీరైట్ ఉన్న ఒక వస్తువుకు చెల్లించే ధర అని అదే కోర్టు చెప్పింది. ఈ రెండూ పన్ను తీర్పులు. ఇంట్లో ఎన్ని కంప్యూటర్లలో ఆడవచ్చో చెప్పడం వాటి పని కాదు. కానీ ‘మేము అమ్మలేదు, లైసెన్స్ మాత్రమే ఇచ్చాం’ అని సంస్థలు రాసుకునే వాక్యం మన కోర్టుల ముందు శిలాశాసనం కాదని అవి తెలియజేస్తాయి.

కాపీరైట్ చట్టం, 1957 కూడా ఇంటివాళ్ళను మరీ అంత కోపంగా చూడదు. చట్టబద్ధంగా కాపీ చేతిలో ఉన్నవాడు దాన్ని ఉద్దేశించిన పనికి వాడుకోవడానికి, పోకుండా భద్రపరచుకోవడానికి మరో కాపీ తీసుకోవడాన్ని సెక్షన్ 52(1)(ఏఏ) అనుమతిస్తుంది. అక్రమ కాపీ అని తెలిసీ కంప్యూటర్ మీద వాడితే సెక్షన్ 63బి కింద కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ళ జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అయితే లాభం కోసమో వ్యాపారంలోనో వాడకపోతే, కోర్టు తగిన కారణాలు రాసి జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో వదలవచ్చని ఆ సెక్షనే అంటుంది. 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ ప్రకారం హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని పగలగొడితే రెండేళ్ళ దాకా జైలు. క్రాక్ చేసిన గేమ్‌ను రెండో కంప్యూటర్లో పెట్టుకుంటే సరి అనుకునే ఇళ్ళు వీటిని గుర్తుంచుకోవడం మంచిది. చట్టం సంగతి పక్కన పెట్టినా, క్రాక్‌తో పాటు వచ్చే వైరస్ తండ్రి నెట్ బ్యాంకింగ్ చేసుకునే కంప్యూటర్‌లోకే వస్తుంది.

ఇంకో చిక్కుంది. ‘అంగీకరిస్తున్నాను’ అన్న బటన్ నొక్కేది చాలా ఇళ్ళలో పిల్లలే. భారత కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 11 ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు. అటువంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే మోహరీ బీబీ కేసులో, బ్రిటిష్ కాలంలో మనకు తుది అప్పీలు కోర్టుగా ఉన్న ప్రివీ కౌన్సిల్ తేల్చింది. స్టీమ్ 13 ఏళ్ళు నిండినవారికి ఖాతా ఇస్తుంది, మన చట్టం 18 దాకా సంతకాన్ని ఒప్పుకోదు. ఆ లెక్కన పద్నాలుగేళ్ళ పిల్లవాడు నొక్కిన బటన్ మీద నిలబడిన లైసెన్స్ కోర్టులో నిలిచేది కాదు. కానీ విషయం కోర్టు దాకా వెళ్ళదు, అదే ఇందులో కీలకం. సర్వర్ ఎవరినీ నోటీసులిచ్చి పిలవదు, వాదన వినదు. రెండో లాగిన్‌ను ఆపేస్తుంది. ఇంటి స్థాయిలో లైసెన్స్‌ను అమలు చేస్తున్నది చట్టం కాదు, ఆ తనిఖీ. అందుకే సెక్షన్లు చూసుకుని ధైర్యపడే తండ్రి కన్నా, ఆ తనిఖీ ఎక్కడ జరుగుతుందో తెలిసిన తండ్రి డబ్బు ఆదా చేస్తాడు.

పైరసీ చేయకుండా, తనిఖీకి అడ్డు తగలకుండా, ఒక్క కాపీతో ఇద్దరు ఆడే మార్గాలు కంప్యూటర్‌లో కూడా లేకపోలేదు. అన్నిటిలో పాతది తెర చీల్చుకోవడం: ఒక కంప్యూటర్, రెండు గేమ్‌ప్యాడ్‌లు, ఒక లైసెన్స్. 2019లో వాల్వ్ తెచ్చిన రిమోట్ ప్లే టుగెదర్ దీన్నే ఇంటర్నెట్ మీదకు తీసుకెళ్ళింది. గేమ్ ఒకరి కంప్యూటర్ మీదే నడుస్తుంది, దాని బొమ్మ వీడియోగా రెండోవారికి చేరుతుంది, వాళ్ళు నొక్కిన మీటలు తిరిగి ఇక్కడికి వస్తాయి. గేమ్ దృష్టిలో ఇద్దరూ ఒకే సోఫా మీద ఉన్నట్టే లెక్క కాబట్టి రెండో కాపీ అవసరం లేదు. డల్లాస్ అన్నకు, విజయవాడ చెల్లికి కుటుంబ పథకం చేయలేని పని ఇది చేసిపెడుతుంది. కాకపోతే అంత దూరానికి ప్రతి కదలికా కాస్త ఆలస్యమవుతుంది. పజిల్ ఆటకు అది తెలియదు, కారు పందెంలో మలుపు దగ్గర తెలుస్తుంది.

రెండో మార్గం గేమ్ తయారీదారు మనసును బట్టి ఉంటుంది. స్వీడన్‌కు చెందిన హేజ్‌లైట్ స్టూడియో 2018లో ఎ వే అవుట్, 2021లో ఇట్ టేక్స్ టూ, 2025లో స్ప్లిట్ ఫిక్షన్ అనే గేమ్‌లు చేసింది. మూడూ ఇద్దరు ఉంటే తప్ప ఆడలేనివి. మూడింటికీ ఫ్రెండ్స్ పాస్ ఉంది: ఒకరు కొంటే, రెండోవారు ఉచిత రూపాన్ని దించుకుని మొదటివారి ఆహ్వానం మీద ఆట మొత్తం ఆడవచ్చు. ఇద్దరి కోసమే చేసిన ఆటకు రెండు ధరలు అడగడం న్యాయం కాదన్న వాదనను ఒక వ్యాపార సంస్థ ఇలా ఆచరణలో పెట్టింది. ఇట్ టేక్స్ టూ 2021లో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ గేమ్ బహుమతి కూడా గెలుచుకుంది. పాతికేళ్ళ నాటి స్పాన్ మళ్ళీ వచ్చిందని చెప్పవచ్చు.

మూడోది తాళం లేని గేమ్‌లు. 2008 నుంచి నడుస్తున్న జీఓజీ దుకాణంలో గేమ్‌లకు ఖాతా తనిఖీ ఉండదు; కొన్నవారు తమ ఇంట్లోని కంప్యూటర్లలో వాటిని పెట్టుకోవచ్చు. అక్కడ దొరికే పాత యుద్ధవ్యూహ ఆటల్లో ల్యాన్ ఇప్పటికీ ఉంది. రూటర్ ఒక్కటుంటే చాలు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కరెంటుంటే ఆట ఉన్నట్టే.

ఉచిత గేమ్‌లు లైసెన్స్ ఖర్చును తీసేసినట్టు కనిపిస్తాయి. డోటా 2, వాలరంట్ వంటివాటిని ఆరుగురూ ఆరు ఖాతాలతో పైసా లేకుండా ఆడవచ్చు. 2018 డిసెంబరులో కౌంటర్-స్ట్రైక్ కూడా ఆ దారి పట్టింది. కానీ వేషాలు, తుపాకీ రంగులు కొనే డబ్బు ఖాతాకే అంటుకుంటుంది. అక్క కొన్న వేషం తమ్ముడికి ఏ కుటుంబ పథకం కిందా రాదు. గేమ్ ధర ఒక్కసారి కట్టేది, వేషాల ఖర్చుకు అంతు లేదు.

కొన్న గేమ్‌లు ఎవరి ఖాతాలో ఉండాలన్నది ఇళ్ళలో ఎవరూ పెద్దగా ఆలోచించని విషయం. కార్డు తండ్రిది కాబట్టి అన్నీ తండ్రి ఖాతాలోనే కొనడం అలవాటు. అన్నదమ్ములు వేరు కాపురాలు పెడితే బీరువా, గిన్నెలు, పొలం పంచుకోవచ్చు. ఒక ఖాతాలో ఉన్న ఎనభై గేమ్‌లను చెరి నలభై చేసుకునే వీలు స్టీమ్‌లో లేదు, ఖాతాను ఇంకొకరికి బదిలీ చేయడాన్ని ఒప్పందమే ఒప్పుకోదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఉమ్మడి లైబ్రరీ ఎలాగూ ఉంటుంది. అందువల్ల పెద్దవాడు ఆడే ఆటలు పెద్దవాడి ఖాతాలో, చిన్నది ఆడేవి చిన్నదాని ఖాతాలో మొదటి నుంచీ కొనడం, పిల్లవాడి విన్నపం మీద డబ్బు మాత్రం తండ్రి కట్టడం మేలు. చదువుకో ఉద్యోగానికో ఇల్లు వదిలినప్పుడు ఎవరి గేమ్‌లు వాళ్ళ వెంట వెళ్తాయి. ఇద్దరూ కలిసి ఆడే గేమ్ అయితే మొదటి కాపీ ఒకరి ఖాతాలో, రెండోది తర్వాతి సేల్‌లో ఇంకొకరి ఖాతాలో.

స్టీమ్‌లో ఏ గేమ్ పేజీ తెరిచినా కుడివైపు దాని సదుపాయాల వరుస ఒకటుంటుంది. అందులో ‘షేర్డ్/స్ప్లిట్ స్క్రీన్’ అనో ‘రిమోట్ ప్లే టుగెదర్’ అనో ఉంటే ఒక కాపీ ఇద్దరికి సరిపోతుంది. ‘ఆన్‌లైన్ కో-ఆప్’ (ఆన్‌లైన్‌లో ఒకే జట్టుగా ఆడడం) మాత్రమే ఉంటే, ఫ్రెండ్స్ పాస్ వంటిది లేనంతవరకు, ఎంతమందో అన్ని కాపీలు. ‘ఫ్యామిలీ షేరింగ్’ అన్న మాట కనిపిస్తే సంతోషించి ఒక్కటే కొనేవాళ్ళు ఎక్కువ. ఒకరు ఆడి లేచాక ఇంకొకరు ఆడవచ్చన్నంత వరకే దాని హామీ. అనుమానంగా ఉంటే ముందు ఒక్కటే కొని, అదే రోజు రెండు కంప్యూటర్లలోనూ తెరిచి చూడవచ్చు. కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే స్టీమ్ డబ్బు తిరిగి ఇస్తుంది.